అందరి స్టాంపులూ కలిపి ఒకే ఎంట్రీగా పంపొచ్చా? నల్గొండ నుంచి అంతర్జాతీయ ఎగ్జిబిషన్‌కి

నీలగిరి డబ్బా:

అందరికీ నమస్తే. నల్గొండలో మాకొక చిన్న స్టాంపుల సంఘం ఉంది. పదిహేడు మందిమి. నెలకోసారి, రెండో ఆదివారం, క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీది గదిలో కూర్చుంటాం, చాయ్ తాగుతాం, ఆల్బమ్‌లు తిప్పుతాం, కొట్లాడుకుంటాం. నేను కార్యదర్శిని, అంటే గది తాళం చెవి నా దగ్గర ఉంటుంది, అంతకు మించి ఏం లేదు.

మొన్న మా సభ్యుడొకాయన కొడుకు ఫారిన్‌లో ఒక పెద్ద స్టాంపుల ఎగ్జిబిషన్ చూసి ఫోటోలు పంపాడు. అంతే, ఆ రోజు నుంచి ఎవరికీ నిద్ర లేదు. మనమూ పంపాలి, నల్గొండ పేరు కనబడాలి అని అందరూ ఒకటే పట్టు. ఒక్కొక్కరి దగ్గర ఉన్నది తక్కువే కాబట్టి అందరివీ కలిపి ఐదు ఫ్రేములు (పేజీలు పెట్టి చూపించే బోర్డులు), ఎనభై పేజీలు, ‘తెలంగాణ వైభవం’ అని పేరు కూడా పెట్టేశారు. ఒకాయన 1948 గాంధీ సెట్ ఇస్తానన్నాడు (పది రూపాయలదానితో సహా, అది ఆయన పెళ్లానికి కూడా చూపించడు). ఇంకొకాయన 2011లో ఢిల్లీ ఇండిపెక్స్ స్టాంపుల ఎగ్జిబిషన్‌కి వెళ్లినప్పుడు కొన్న ఖాదీ గాంధీ స్టాంపు, మరొకరు 2006లో వచ్చిన గంధం వాసన స్టాంపు. నావి నిజాం స్టాంపులు కొన్ని, 1931 సెట్, చార్మినార్ ఒక అణా నుంచి దౌలతాబాద్ విజయస్తంభం రూపాయి దాకా. పేజీలకు బంగారు రంగు బార్డర్ వేయిద్దామని ప్రెస్‌లో రేటు కూడా అడిగొచ్చాం.

మా అందరిలో పెద్దాయన ఒకరున్నారు, డెబ్బై ఎనిమిదేళ్లు, వాళ్ల తాత పట్వారీ. ఆయన దగ్గర తాతకు వచ్చిన పాత కవర్లు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి, ఉర్దూలో రాసినవి, స్టాంపులు చిరిగినవి, మరకలు పడ్డవి. అవి వద్దులే అని ఆయనే అన్నారు, వాటి బదులు ఆయన ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్ర వేసినవి) ఇస్తున్నారు, అవి కొత్తగా మెరుస్తుంటాయి.

అడగాల్సింది ఏమిటంటే, ఇట్లా సంఘం పేరు మీద కలిపి పంపొచ్చా? దరఖాస్తు ఎవరికి పెట్టాలి? ఎంత ఖర్చవుతుంది? ఇంకో మాట, చెప్పడానికే సిగ్గుగా ఉంది, పెద్దాయన కవర్లలో రెండింటిని మా వాళ్లొకరు ‘ఆగం అవుతాయి సార్’ అని తీసుకెళ్లి లామినేషన్ చేయించి తెచ్చారు. అవి ఇక పనికొస్తాయా?

—

ఆబిడ్స్ పాతకాపు:

అన్నా, ముందు ఆ లామినేషన్ మాట. వాటిని అట్లాగే వదిలేయండి. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగిపోయింది, ఊడదీద్దామని బ్లేడుతో మొదలుపెడితే ఉన్నది కూడా పోతుంది. ఎగ్జిబిట్‌కు అవి ఇక లేనట్టే. ఫోటో తీసి ఇంట్లో ఉంచుకోండి. మిగతా పెట్టె దగ్గరికి ఆ మనిషిని మాత్రం రానివ్వకండి.

ఇక మీ ప్లాన్. మొహమాటం లేకుండా చెప్తా, ఏమనుకోవద్దు. కలిపి పంపడం కుదరదు. ప్రపంచ స్థాయి ఎగ్జిబిషన్లు నడిచేది ఎఫ్ఐపీ, అంటే అంతర్జాతీయ స్టాంపుల సమాఖ్య, నియమాల మీద. 1926లో పెట్టింది అది, మన దేశం నుంచి అందులో సభ్యత్వం ఫిలాటెలిక్ కాంగ్రెస్ ఆఫ్ ఇండియాది. ఎగ్జిబిట్‌లో ఉన్న ప్రతి కాగితం దాన్ని పెట్టే మనిషి సొంతం అయి ఉండాలి. పదిహేడు మంది దగ్గర అప్పు తెచ్చి ఒకరి పేరున పెట్టడం అంటే, పొరుగింటి బంగారం పెట్టుకుని ఫోటో దిగడమే. సంఘం పేరే కనబడాలని ఉంటే లిటరేచర్ క్లాస్ అని వేరే ఉంది, పుస్తకాలూ పత్రికలూ అందులో పోటీ పడతాయి. మీరు ఏదైనా బులెటిన్ తెస్తుంటే దాన్ని గట్టిగా తయారు చేసి అందులో పెట్టొచ్చు.

రెండోది, నేరుగా అక్కడికి వెళ్లలేరు. మొదట జిల్లా, తర్వాత రాష్ట్రం, ఆ తర్వాత నేషనల్. నేషనల్‌లో కనీసం వర్మైల్ మెడల్ వస్తే తప్ప అంతర్జాతీయ స్థాయిలో దరఖాస్తు తీసుకోరు. (వర్మైల్ అంటే వెండి మీద బంగారు పూత. మా ఇంట్లో ఒకటి ఉంది, మా ఆవిడ దాన్ని బంగారం అనుకుని ఆరు నెలలు బీరువా లాకర్‌లో దాచింది.) అక్కడ అర్హత వచ్చాక ప్రతి ఎగ్జిబిషన్‌కూ దేశానికొక కమిషనర్ ఉంటారు. దరఖాస్తు ఆయన ద్వారానే వెళ్తుంది, మీ పేజీలు చేతిలో పట్టుకుని విమానం ఎక్కి, కస్టమ్స్ దాటించి, ఫ్రేముల్లో పెట్టించి, మళ్లీ తెచ్చి ఇచ్చేది కూడా ఆయనే. ఫీజు ఫ్రేముకు ఇంత అని డాలర్లలోనో యూరోల్లోనో ఉంటుంది, ఒక్కో చోట ఒక్కో రేటు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మామూలుగా ఐదు ఫ్రేములు. ఫ్రేముకు పదహారు పేజీలు, నాలుగు వరసలు, వరసకు నాలుగు. ఒకే ఒక్క ఫ్రేము క్లాస్ కూడా చాలా చోట్ల ఉంటుంది. మీలాంటి వాళ్లకు నా సలహా అదే, పదహారు పేజీలు.

బంగారు బార్డర్ గురించి. సాంప్రదాయ స్టాంపులకూ పోస్టల్ హిస్టరీకీ (ఉత్తరాలు ఎట్లా నడిచాయన్న చరిత్ర) మార్కులు ఇట్లా వేస్తారు: కథను ఎట్లా నడిపారు, ఆ విషయానికి ఎంత ప్రాముఖ్యం ఉంది అన్నదానికి 30. మీకెంత తెలుసు, మీరేం పరిశోధించారు అన్నదానికి 35. వస్తువు ఎంత బాగుంది, ఎంత అరుదు అన్నదానికి 30. మిగిలిన ఐదంటే ఐదు మార్కులు అందంగా పెట్టినందుకు. మీ ప్రెస్ ఆయన ఎంత అడిగాడో తెలియదు గానీ ఆ డబ్బు మొత్తం ఈ ఐదు మార్కుల కోసం. పైగా బార్డర్ చూస్తే జడ్జీలకు చిరాకు. తెల్లటి మందపాటి యాసిడ్ లేని కాగితం, నల్లటి అక్షరాలు, తక్కువ మాటలు. చాలు.

గంధం స్టాంపు, ఖాదీ స్టాంపు, అవి డబ్బు పెడితే ఎవరికైనా దొరికేవే కదన్నా. ఖాదీది వంద రూపాయల స్టాంపు, అప్పట్లో రెండు వందల యాభైకి అమ్మారు, నా దగ్గరే రెండున్నాయి. గాంధీ సెట్ మంచిదే గానీ ప్రపంచంలో ప్రతి రెండో ఇండియా కలెక్షన్‌లో ఉంటుంది.

మీ పోస్ట్ మొత్తంలో నన్ను లేచి కూర్చోబెట్టింది ఒక్క లైను. ‘పట్వారీ తాతకు వచ్చిన పాత కవర్లు.’ వాటినే మీరు వద్దన్నారు! ఆ కవర్లు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లాయి, ఏ ముద్ర పడింది, ఏ స్టాంపు అంటించారు, దాని మీద సర్కారీ అని అడ్డంగా ముద్ర ఉందా లేదా, ఇవి చూసి చెప్పండి. నిజాం సర్కారు ఆఫీసుల ఉత్తరాలకు ‘సర్కారీ’ అని ఉర్దూలో అచ్చు కొట్టిన స్టాంపులు వాడేవాళ్లు. పట్వారీకి వచ్చే ఉత్తరాలు ఎక్కువ తహసీలు ఆఫీసు నుంచే కదా. ఇక్కడ హైదరాబాద్‌లో నేను ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నా, పల్లెకు వెళ్లిన సర్కారీ కవరు మంచిది చేతికి దొరకడం లేదు. మీరేమో మెరిసే ఫస్ట్ డే కవర్లు ఏరుకుంటున్నారు.

—

పాలమూరు పిలగాడు:

పాతకాపు అన్న చెప్పినదానికి నాది కొంచెం కలుపుతా. నేను మహబూబ్‌నగర్, జిల్లా స్థాయిలో రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ నా తప్పులు నాకే గోడ మీద కనబడ్డాయి.

మొదటిసారి స్టాంపులు పెట్టడానికి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడా, చవగ్గా దొరికాయని. వానాకాలం అయ్యేసరికి అవి జిగటగా మారి స్టాంపు రంగును పీల్చేసుకున్నాయి, తీస్తుంటే చార్మినార్ సగం ప్లాస్టిక్‌కు అంటుకుని వచ్చింది. పాలిస్టర్ షీట్లు కొనండి, ధర ఎక్కువైనా సరే. రెండోసారి ప్రతి పేజీలో పరీక్ష పేపర్ లాగా ఇరవై లైన్లు రాశా. జడ్జి సారు వచ్చి నా ఫ్రేము ముందు నిలబడ్డది రెండు నిమిషాలు, అందులో ఒక నిమిషం కళ్లద్దాలు తుడుచుకోవడానికే పోయింది. తర్వాత పిలిచి, ‘బాబూ, నీ కవరు ఏం చెప్తుందో నువ్వు చెప్పనిస్తలేవు’ అన్నాడు. ఆ మాట నాకు మస్తు పనికొచ్చింది.

జిరాక్స్ పెట్టాలంటే కూడా ఒక లెక్కుంది, కవరు వెనకవైపు ముద్ర చూపించడానికి ఫోటోకాపీ పెట్టొచ్చు గానీ అసలు సైజులోనే ఉంటే ఒప్పుకోరు, కనీసం పాతిక శాతం తేడా ఉండాలి. అసలుదనుకుని మోసపోకుండా అన్నమాట.

ఇంకోటి, పాత కవర్లు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. నాకొకడు ‘1880 మహబూబ్‌నగర్ ముద్ర’ అని ఒకటి అంటగట్టబోయాడు. మా ఊరు అప్పటికి పాలమూరే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయ్యింది 1890 డిసెంబర్‌లో. పుట్టకముందే పేరు పెట్టుకున్న ఊరు ఎట్లా ఉంటుంది తమ్మీ అని అడిగితే వాడు నన్ను బ్లాక్ చేశాడు. 1869, 71 నాటి మొదటి నిజాం స్టాంపులకైతే రీప్రింట్లు కూడా ఉన్నాయి, అసలు రంగుల్లోనూ ఉన్నాయి, పిచ్చి రంగుల్లోనూ ఉన్నాయి. తెలిసినవాళ్లకు చూపించకుండా పైసలు పెట్టకండి.

—

గట్టు మీది మనిషి:

ఎందుకన్నా ఇంత లొల్లి. ఇప్పటి పిల్లలకు పోస్టు డబ్బా ఎక్కడుందో కూడా తెలియదు. ఎవరో ఫారిన్ జడ్జి మెడలో బిళ్ల వేస్తే నల్గొండకు ఏం ఒరుగుతుంది? ఆ డబ్బుతో మీ గదికి ఫ్యాన్ పెట్టించుకోండి.

—

నీలగిరి డబ్బా:

గట్టు మీది అన్నా, ఫ్యాన్ ఉంది, తిరగదు, అది వేరే సంగతి.

పాతకాపు అన్నా, మీ రిప్లై ఆదివారం మీటింగ్‌లో గట్టిగా చదివి వినిపించా. బార్డర్ కోసం చందా వసూలు చేసినాయన మొహం మాడిపోయింది. పదిహేడులో ఆరుగురికి మాత్రం ఇంకా కోపం తగ్గలేదు, ‘మా స్టాంపులు పనికిరానివా’ అని. గాంధీ సెట్ ఆయన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. సరే, వస్తాడు.

నేనూ ఇంకొకాయనా కలిసి పెద్దాయన ఇంటికి వెళ్లాం. రేకు పెట్టె మంచం కింద నుంచి లాగారు. పైన పహాణి నకళ్లు, రశీదులు, వాటి కింద గుడ్డ మూటలో కవర్లు. వేపాకు వేసి కట్టారు, ఆకు పొడి పొడిగా రాలింది, అయినా వెండిపురుగు లోపలికి రాలేదు, ఆ ముసలమ్మ తెలివి చూడండి (పెద్దాయన నాయనమ్మ). మొత్తం నలభై మూడు ఉన్నాయి. లెక్కపెట్టాం, రెండుసార్లు. అందులో సర్కారీ ముద్ర ఉన్నవి పందొమ్మిది. మామూలు స్టాంపులవి మిగతావి, కొన్ని గోల్కొండ కోట, వరంగల్ కాకతీయ తోరణం బొమ్మలవి కూడా ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం బ్రిటిష్ రాజు తల స్టాంపు ఉంది, అది తప్పుగా వచ్చి చేరిందా ఏంటి?

అసలు తలనొప్పి వేరే. ఒక కవరు మీద చార్మినార్ ఒక అణా స్టాంపు ఉంది, ముద్ర సగమే పడింది, సంవత్సరం కనబడదు. లోపల ఉత్తరం ఉంది, దాని మీద తేదీ ఉర్దూ అంకెల్లో. మాలో ఒకాయనకు అంకెలు వచ్చు, ‘1341’ అన్నాడు. ఫోన్‌లో హిజ్రీ లెక్క కొట్టి చూస్తే 1922, 23 అని వచ్చింది. చార్మినార్ స్టాంపు వచ్చిందే 1931లో! స్టాంపు పుట్టకముందు తొమ్మిదేళ్ల కిందట దాన్ని ఎట్లా అంటించారు? ‘దొంగ కవరు, తర్వాత ఎవరో అంటించారు’ అని మా వాడు తీర్పు చెప్పేశాడు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. ‘మా తాత దొంగ పనులు చేసే మనిషి కాదు’ అని ఒక్కటే అన్నారు. దీన్ని పెట్టొచ్చా, తీసేయాలా?

—

దేవరకొండ ఉర్దూ సారు:

అది హిజ్రీ కాదు బాబూ. ఫస్లీ.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఉర్దూ చెప్పి రిటైర్ అయ్యాను, స్టాంపులు నాకు తెలియవు, మా అల్లుడు ఈ పేజీ చూపిస్తే రాస్తున్నా. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫస్లీ, అంటే పంటల లెక్క, సంవత్సరంలో నడిచేవి. మీ పెద్దాయన పెట్టెలో పైన పహాణి నకళ్లు ఉన్నాయి అన్నారు కదా, వాటి మీద కూడా ఫస్లీ అనే ఉంటుంది, తీసి చూడండి. పట్వారీ ఇంట్లో హిజ్రీ ఎందుకు వెతికారు?

ఫస్లీ ఏడాది ఆజూర్ నెలతో మొదలు, అంటే అక్టోబర్ మొదటి వారం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే 590 కలపండి, ఆ తర్వాత నెలలకు 591. మీ ఉత్తరంలో నెల పేరు కూడా రాసే ఉంటారు, సంవత్సరం పక్కనే. ఫోటో పెడితే చదువుతా.

—

నీలగిరి డబ్బా:

సార్, ఫోటో పెట్టాను. చేతులు వణికి కొంచెం మసకగా వచ్చింది.

—

దేవరకొండ ఉర్దూ సారు:

‘ఖుర్దాద్, 1341 ఫ’ అని ఉంది. చివర ‘ఫ’ అక్షరం చిన్నగా తోకలాగా ఉంది, మీవాడు దాన్ని గీత అనుకున్నట్టున్నాడు. ఖుర్దాద్ అంటే ఏప్రిల్ ప్రాంతం. 1341కి 591 కలపండి, 1932. స్టాంపు వచ్చిన మరుసటి ఏడాది. అంతా సరిపోయింది.

ఉత్తరంలో సంగతి కూడా చెప్తా, అది పెద్ద విశేషం ఏమీ కాదు. చెరువు కట్ట మరమ్మతు గురించి. కూలీల హాజరు పట్టీ ఇంకా రాలేదు, తొందరగా పంపమని పట్వారీ గారిని కొంచెం గట్టిగానే మందలించారు. మీ పెద్దాయనకు చెప్పండి, తాతగారు దొంగ పని చేయలేదు, పని ఆలస్యం మాత్రం చేశారు.

—

ఆబిడ్స్ పాతకాపు:

సార్, మీకు వందనం. నేను ఇన్నేళ్లుగా ఫస్లీని కేటలాగ్ వెనక పేజీలో టేబుల్ చూసి లెక్కపెడుతున్నా, ఆ ‘ఫ’ తోక సంగతి నాకూ తెలియదు.

నీలగిరి అన్నా, ఇప్పుడు మీకు అర్థమైందా ఆ 35 మార్కులు ఎక్కడి నుంచి వస్తాయో. ఇదే, ఈ నాలుగు రిప్లైలే. ఆ కవరు కింద రెండు లైన్లు రాయండి: ఉత్తరంలో తేదీ ఖుర్దాద్ 1341 ఫస్లీ, అంటే 1932 ఏప్రిల్ ప్రాంతం, చెరువు పని గురించి పట్వారీకి వచ్చినది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. ఇంగ్లిష్‌లో రాయాలి, మీలో ఎవరి ఇంగ్లిష్ బాగుంటే వాళ్లు రాయండి, తర్వాత ఇంగ్లిష్ రాని ఒకరికి వివరించి చూడండి, ఆయనకు అర్థమైతే జడ్జికీ అవుతుంది.

బ్రిటిష్ రాజు స్టాంపు కవరు తప్పుగా వచ్చింది కాదు, దాన్ని పారేస్తే నేను నల్గొండ వచ్చి మరీ తిడతా. నిజాం స్టాంపులు రాజ్యం లోపలే చెల్లేవి. అక్కడి నుంచి మద్రాసుకో బెజవాడకో ఉత్తరం వేయాలన్నా, అటు నుంచి ఇటు రావాలన్నా బ్రిటిష్ ఇండియా స్టాంపే. రెండు డబ్బులు, రెండు తపాలాలు, మధ్యలో హద్దు. ఆ కవరు బయటి నుంచి వచ్చిందా చూడండి, ఎక్కడి ముద్ర ఉంది? బంధువుల ఉత్తరం అయి ఉంటుంది. మీ పదహారు పేజీల్లో ఒక పేజీ మొత్తం దానికే.

కథ ఎక్కడ ముగించాలో కూడా ఆ రెండు తపాలాల సంగతే చెప్తుంది. 1948 సెప్టెంబర్ 17న నిజాం పాలన పోయిన తర్వాత కూడా ఆ స్టాంపులు వెంటనే పోలేదు, 1950 దాకా నడిచి అప్పుడు ఇండియా స్టాంపులు వచ్చాయి. పెట్టెలో ఆ రెండేళ్ల మధ్య కవరు ఒక్కటి దొరికినా చివరి పేజీ దానిది. పేరు ‘తెలంగాణ వైభవం’ వద్దు. ‘ఒక పట్వారీకి వచ్చిన టపా, నల్గొండ జిల్లా’ అని, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో వేయండి. పేరు చూస్తేనే లోపల ఏముందో తెలియాలి.

ఎంట్రీ మాత్రం పెద్దాయన పేరున. మిగతా పదహారు మంది పనివాళ్లు. అది ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి.

—

మిర్యాలగూడ టీచరమ్మ:

నేనూ రాయొచ్చా, నాది ఎగ్జిబిషన్ స్థాయి కాదు. మా స్కూల్లో ఫిలాటెలీ క్లబ్ పెట్టాను, పిల్లలు ఇరవై రెండు మంది. గట్టు మీది అన్నగారు పిల్లలకు తెలియదు అన్నారు కదా, తెలియదు నిజమే, చూపిస్తే తెలుస్తుంది. పోస్టల్ వాళ్ల స్పర్శ్ స్కాలర్‌షిప్ ఉంది, ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు, క్విజ్, ప్రాజెక్ట్ రాసి గెలిస్తే ఏడాదికి ఆరు వేలు. క్లబ్ లేని చోట కూడా పిల్ల పేరున రెండు వందలు కట్టి డిపాజిట్ ఖాతా తెరిస్తే చాలు. మా పిల్లల్లో ఒకమ్మాయి నీళ్లు అనే అంశం మీద పేజీలు చేస్తోంది. వాళ్ల ఊళ్లో తాతకు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయింది, అందుకని. సంఘం వాళ్లు ఎవరైనా వచ్చి ఒక శనివారం ఆ పిల్లకు హింజ్ (స్టాంపును పేజీకి అతికించే చిన్న జిగురు కాగితం) ఎట్లా అంటించాలో నేర్పితే చాలా సంతోషం. నేను ఫెవికాల్ వాడొద్దని చెప్పడం వరకే చేయగలిగాను.

ఇంకోటి. మా నాన్నగారు నాగార్జునసాగర్ డ్యామ్ కట్టేటప్పుడు అక్కడ మేస్త్రీ. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పటి నుంచి దాదాపు పదేళ్లు అక్కడే. అమ్మకు రాసిన కార్డులు, ఇన్‌లాండ్‌లు ఇంట్లో ఉన్నాయి. వాటి మీద స్టాంపులు అన్నీ మామూలువే. మొదట్లోవి అణాలు, తర్వాత 1957 నుంచి నయాపైసలు. ‘జీతం రాలేదు, బియ్యం అప్పు తెచ్చుకో’ అనే మాటలే ఎక్కువ. ఇవి కూడా మీరు చెప్పే పోస్టల్ హిస్టరీలోకి వస్తాయా, లేక ఇంటి ఉత్తరాలేనా?

—

ఆబిడ్స్ పాతకాపు:

అక్కా, వస్తాయి. డ్యామ్ క్యాంపు ముద్రలు ఏమేం ఉన్నాయో ముందు అవి విడదీయండి. వేల మంది ఒకచోట దిగితే అక్కడ టపా ఎట్లా నడిచింది అన్నదే విషయం, అణా నుంచి నయాపైసకు మారడం అందులోనే దొరుకుతుంది. ఉత్తరాల్లో సొంత మాటలు చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం, అడ్రస్ వైపు మాత్రమే పెట్టినా సరిపోతుంది. అవి మీ అమ్మగారివి కదా, ముందు ఆమెను అడగండి.

పిల్లలకు యూత్ క్లాస్ వేరే ఉంది, పదేళ్ల నుంచి ఇరవై ఒకటి దాకా వయసు ప్రకారం గ్రూపులు. నీళ్ల అమ్మాయిది థీమాటిక్, అంటే ఒక అంశం చుట్టూ అల్లేదాని, కిందికి వస్తుంది, అందులో ప్లాన్ పేజీ సరిగ్గా లేకపోతే ఎన్ని మంచి స్టాంపులున్నా పడిపోతుంది. ముందు స్టాంపులు పక్కన పెట్టి నోట్‌బుక్‌లో కథ రాయమనండి.

—

పాలమూరు పిలగాడు:

టీచరమ్మ గారూ, నేను శనివారం మిర్యాలగూడ వస్తా. హింజ్‌లు నా దగ్గర ఒక ప్యాకెట్ ఉన్నాయి. బస్సు చార్జీ వద్దు గానీ మధ్యాహ్నం భోజనం పెట్టాలి.

—

నీలగిరి డబ్బా:

నిన్నటి సంగతి రాస్తున్నా, కొంచెం పెద్దదే.

పెద్దాయనకు ఉర్దూ సారు చదివిందంతా చెప్పాను. హాజరు పట్టీ ఆలస్యం సంగతి విని ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు, ‘మా నాయన కూడా అంతే, నేనూ అంతే’ అన్నారు. ఎంట్రీ తన పేరున ఇవ్వడానికి మాత్రం ఒక్క పట్టాన ఒప్పుకోలేదు. సంఘం పేరు లేకుండా తానొక్కడే ఎట్లా అని. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు, పెట్టె ఇల్లు దాటదు, ఏ పని అయినా ఆయన మంచం పక్కనే జరగాలి. వాళ్ల కోడలు ‘మరి చాయ్ ఎన్నిసార్లు పెట్టాలి’ అని అడిగింది, న్యాయమైన ప్రశ్నే. స్టవ్, పాలు సంఘం ఖర్చు అని తీర్మానం రాసుకున్నాం.

బ్రిటిష్ రాజు కవరు బెజవాడ నుంచే వచ్చింది అన్నా, మీరన్నట్టే. పెద్దాయన నాయనమ్మ పుట్టిల్లు అటువైపట. 1948, 50 మధ్యది కూడా ఒకటి ఉన్నట్టుంది గానీ దాని స్టాంపు సగం చిరిగి, ఎవరో ఎప్పుడో సెల్లోటేపు వేశారు, టేపు పసుపుపచ్చగా అయి గట్టిపడింది. దాన్ని ముట్టుకోలేదు. హైదరాబాద్‌లో కాగితం బాగుచేసేవాళ్లకు చూపించాకే ఏదైనా.

గాంధీ సెట్ ఆయన తిరిగొచ్చాడు. ఆయన ఇంగ్లిష్ మా అందరికంటే మెరుగు, బ్యాంకులో చేశాడు, అందుకని రాత పని మొత్తం ఆయనకు అప్పజెప్పాం. మొదటి పేజీ రాసుకొచ్చాడు, ఇరవై ఆరు లైన్లు. పిలగాడి జడ్జి కథ చెప్పి కొట్టించి కొట్టించి తొమ్మిదికి దించాం. ఈ ఏడాదికి లక్ష్యం జిల్లా, రాష్ట్రం వరకే. నేషనల్ మాట అప్పుడు చూద్దాం. ఫారిన్ ఫోటోలు పంపిన అబ్బాయికి కూడా అదే చెప్పమన్నాం, టికెట్ బుక్ చేయకు అని.

ఒక సాయం కావాలి. కవర్లలో నాలుగైదు తడి తగిలి మడత పడ్డాయి, వాటిని చదును చేయడానికి బ్లాటింగ్ పేపర్ (సిరా పీల్చే కాగితం) మధ్య పెట్టి బరువు వేయమని ఉర్దూ సారు అల్లుడు చెప్పాడు. ప్రకాశం బజార్‌లో మూడు స్టేషనరీ షాపులు తిరిగా, ‘అంటే ఏంటి సార్’ అన్నారు, ఒకాయన టిష్యూ రోల్ ఇచ్చాడు. బ్లాటింగ్ పేపర్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఒక పది షీట్లు తేగలరా, డబ్బులు ముందే పంపిస్తా.